గవ్వ మడత గూడు

అనగనగా ఒక అడవి. చెట్ల అడవి కాదర్రా, తుంగ అడవి. కొల్లేటి ఒడ్డున ఏనుగెత్తు పెరిగిన తుంగ. ఆ తుంగలో బాతుల మందని కాసే ఒక పడుచు కుక్క ఉండేది. దాని పేరు గవ్వ. జోనంగి జాతి. పొట్టి బొచ్చు, సన్నటి నడుము, నుదుటి నిండా ముడతలు. ఏమీ ఆలోచించకపోయినా ఏదో పెద్ద ఆలోచనలో మునిగినట్టే కనిపించేది.

జోనంగులకి ఒక అలవాటుంది. పడుకునే ముందు నేలలో గొయ్యి తవ్వుకోవాలి. పొట్టకి చల్లటి మట్టి తగిలితేనే కన్ను మూతపడుతుంది. గవ్వ వాళ్ళమ్మా అంతే, అమ్మమ్మా అంతే.

ఆ గొయ్యే కిందటేడు గవ్వ కొంప ముంచింది.

ఏటా ఎండలు ముదిరే వేళకి కొల్లేటి అవతలి ఒడ్డున తోకల పండగ జరుగుతుంది. నలుమూలల నుంచీ కుక్కలొస్తాయి. ఒక్కొక్కదాన్నే పేరు పెట్టి పిలుస్తారు. పిలవగానే బరిలోకొచ్చి, తలెత్తి, తోకెత్తి ఒక చుట్టు నడవాలి. బాగా నడిచినదానికి కలువల దండ వేస్తారు. కిందటేడు గవ్వ ఎండకి తాళలేక గుడారం వెనకాల గొయ్యి తవ్వుకుని పడుకుంది. "గవ్వా! గవ్వా!" అని పిలిచారు. గోతిలో ఉన్నది ఎవరికి కనపడుతుంది? గురక పెడుతున్నదానికి ఏం వినపడుతుంది? లేచి చూసేసరికి పండగ కాస్తా అయిపోయింది. పైగా మఖమల్ అనే బొచ్చుకుక్క అందరి ముందూ, "అదిగో, గోతిలో మహారాణిగారు లేచారు!" అని పకపకా నవ్వింది.

ఆ నవ్వు గవ్వ మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఈ ఏడు పండగ పెద్దలు కొత్త కట్టడి పెట్టారు. ఎవరి గూడు వాళ్ళే తెచ్చుకోవాలి. పేరు పిలిచేదాకా అందులోనే నెమ్మదిగా ఉండాలి. బయటికొచ్చి తిరిగారో, ఇంటికి పంపేస్తారు.

"ఈసారి బరిలో నడవకపోతే నేను జోనంగినే కాదు!" అని గవ్వ ఒట్టు పెట్టుకుంది. మందలో పెద్ద బాతు బుల్లెమ్మ గవ్వకి పిన్ని వరస. ఆ పిన్నిని వెంటబెట్టుకుని గిజిగాడి దగ్గరికి వెళ్ళింది.

గిజిగాడు తెలుసుగా? తుమ్మకొమ్మకి గూడు అల్లి వేలాడదీసే పిట్ట. పండగ రోజులొస్తే కుక్కల కోసం మడత గూళ్ళు కుడతాడు. లోపల వెదురు బద్దలు, చుట్టూ గుడ్డ, ముందు జిప్పు. మడిచి సంచిలా మెడకి తగిలించుకుపోవచ్చు. రాలిన బాతు ఈకలు తెచ్చిస్తే చాలు, అదే దాని ఖరీదు.

గిజిగాడు మూడు గూళ్ళు విప్పి చూపించాడు. మొదటిది ఎర్ర పట్టు గూడు. అద్దాలు, జరీ, కుచ్చులు. రెండోది అడుగున చెక్క పలకలు బిగించిన దిట్టమైన గూడు. మూడోది బూడిదరంగు గుడ్డ గూడు. దానికి నాలుగు వైపులా వల కిటికీలు. అడుగు కూడా మెత్తటి గుడ్డే.

"ముందొక మాట చెప్పు తల్లీ. నువ్వెలా పడుకుంటావు?" అని అడిగాడు గిజిగాడు.

గవ్వకి మఖమల్ నవ్వు గుర్తొచ్చింది. "నేనా? కాళ్ళు ముడుచుకుని, పక్క నలగకుండా, పువ్వులా పడుకుంటా," అంది.

బుల్లెమ్మ మెడ సాగదీసి చూసింది. "ఎవరూ, నువ్వే?"

"పిన్నీ, నువ్వుండు!"

"పోనీ లోపలికెళ్ళి పడుకుని, అటూ ఇటూ తిరిగి చూడు," అన్నాడు గిజిగాడు.

"చూసేదేముంది మావా? ఆ ఎర్రది కట్టెయ్యి. అందులోంచి నేను దిగుతుంటే మఖమల్ నోరెళ్ళబెట్టాలి!"

పండగకి ముందురోజు అందరూ తాటిదోనెలో బయల్దేరారు. నడిపేది కొల్లేట్లో చేపలు పట్టుకు బతికే నీరుకుక్క. ముందు గవ్వ, మధ్యలో బుల్లెమ్మ, చివర్న మిగిలిన గూళ్ళ మూటతో గిజిగాడు. పండగలో అంగడి పెట్టుకోవాలి కదా! మిగతా బాతులన్నీ దోనె వెనకాల ఈదుకుంటూ, గోలగోలగా పాడుకుంటూ వచ్చాయి.

ఎండెక్కేసరికి ఒక లంకలో ఆగారు. "రేపటికి అలవాటవుతుంది," అని గవ్వ ఎర్ర గూడు విప్పి లోపలికి దూరింది. బుల్లెమ్మ జిప్పు వేసింది.

లోపల గాలాడలేదు. తిరుగుదామంటే నడుము అద్దాలకి ఒరుసుకుంది. గవ్వ ఓర్చుకుంది. కళ్ళు మూసుకుంది. నిద్ర ముంచుకొచ్చింది. అంతే! ముందు కాళ్ళు వాటంతటవే కదిలాయి. గరగర, గరగర, పర్‌ర్‌ర్!

అడుగు చిరిగిపోయింది. నాలుగు కాళ్ళూ నేలకి దిగాయి. గవ్వ బెదిరి పరుగందుకుంది. బయటున్న వాళ్ళకి ఏం కనపడిందనుకున్నారు? జరీ కుచ్చుల ఎర్ర గూడు కాళ్ళేసుకుని లంకంతా పరిగెడుతోంది!

"అమ్మో! గూటికి కాళ్ళొచ్చాయి!" అంటూ బాతులన్నీ నీళ్ళలోకి దూకాయి.

"ఒసేయ్, ఆగవే! ముందు బురదుందే!" అని అరిచింది బుల్లెమ్మ.

గూడు ఆగలేదు. వెళ్ళి వెళ్ళి బురదలో బొక్కబోర్లా పడింది.

జిప్పు లాగితే గవ్వ తల బయటికొచ్చింది. మూతి మీద ఒక అద్దం అతుక్కుని తళతళా మెరుస్తోంది. నీరుకుక్క పొట్ట పట్టుకుని నవ్వింది. బాతులూ నవ్వాయి. గవ్వకి మాత్రం కళ్ళ నిండా నీళ్ళు.

"రేపు నన్ను ఇంటికి పంపేస్తారు పిన్నీ. గూడు లేదుగా ఇంక."

బుల్లెమ్మ రెక్కతో దాని మూతి తుడిచింది. "ఏడుపాపు. గిజిగాడు అడిగినదానికి ఈసారి నిజం చెప్పు."

గవ్వ తల దించుకుంది. "మావా, నేను పువ్వులా పడుకోను. గొయ్యి తవ్వితేనే నాకు నిద్ర. నిద్రలో కూడా తవ్వుతాను. నవ్వుతారని దాచాను."

"ఓస్, ఇంతేనా! నేను తలకిందులుగా వేలాడుతూ గూడు కడతాను. నా అంగడికి ఎవరూ రావట్లేదా ఏంటి?" అంటూ గిజిగాడు చెక్క గూడు విప్పాడు. "ఇది చూడు. ఎంత గోకినా చిరగదు."

ఈసారి గవ్వ లోపలికెళ్ళి, తిరిగి, పడుకుని చూసింది. గోళ్ళు చెక్క మీద కరకరలాడాయి. చల్లదనం మచ్చుకైనా లేదు. విప్పిన గూటిని గవ్వతో సహా దోనెలో పెడితే దోనె ఒక పక్కకి ఒరిగింది. "ఇదెక్కితే నేను దిగిపోతా బాబోయ్," అంది నీరుకుక్క.

ఇక మిగిలింది బూడిదరంగు గూడు. "తేలిక. గాలి బాగా ఆడుతుంది. కానీ అడుగు మెత్తన. నీ గోళ్ళకి ఒక్క పూట కూడా ఆగదు," అని గిజిగాడు ముక్కుతో మెడ గోక్కున్నాడు.

గవ్వ నుదుటి మీద ముడతలు ఇంకా ముడతలు పడ్డాయి. ఈసారి నిజంగానే ఆలోచిస్తోంది.

"మావా, గూట్లో గొయ్యి తవ్వడం దేనికి? ముందు గొయ్యి తవ్వి, దాని మీద గూడు వేస్తే?"

అనడమే ఆలస్యం, మట్టి ఎగిరింది. గొయ్యి మీద గూడు నిలబెట్టారు. గవ్వ లోపల పడుకోగానే ఆ మెత్తటి అడుగు గోతిలోకి ఒదిగింది. మట్టి చల్లదనం పొట్టకి తగిలింది. నాలుగు కిటికీల్లోంచీ కొల్లేటి గాలి వీచింది. కాళ్ళు కదల్లేదు. తవ్వాల్సిందంతా ముందే తవ్వేశాయిగా!

"ఏమే, బాగుందా?" అంది బుల్లెమ్మ.

లోపల్నుంచి గురక వినపడింది.

మర్నాడు తోకల పండగ. గవ్వ అందరి ఎదుటా గొయ్యి తవ్వడం మొదలెట్టింది. పక్కనే కిటికీలు లేని మెరుపుల గూట్లోంచి మఖమల్ తల బయటపెట్టి, "వచ్చారండీ, గోతిలో మహారాణిగారు!" అంది.

"వచ్చానమ్మా. కాస్త తల లోపలికి పెట్టుకో, నీ బొచ్చు మీద మట్టి పడుతుంది," అంది గవ్వ. ఈసారి బాతులతో పాటు గవ్వ కూడా నవ్వింది.

మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరిగింది. గూళ్ళలో కుక్కలు వగర్చాయి. ఒకటి ఉండబట్టలేక బయటికి దూకితే ఇంటికి పంపేశారు. చివరికి పండగ పెద్ద గూడబాతు తాత కేకేశాడు. "గవ్వా!"

వల కిటికీలోంచి ఆ కేక సూటిగా చెవిన పడింది. గవ్వ చల్లగా, హాయిగా లేచి బరిలోకి నడిచింది. తల పైకి, తోక పైకి. పొట్టకి ఇంత మట్టి. "మా గవ్వే! మా గవ్వే!" అని బాతులు గొంతులు పోయేలా అరిచాయి.

చుట్టు పూర్తి చేసి వచ్చేసరికి మఖమల్ నాలుక వేలాడేసుకుని ఉంది. దాని పేరు ఇంకా పిలవలేదు.

"గవ్వక్కా, నాకూ ఒక గొయ్యి తవ్విపెట్టవా?"

గవ్వ గబగబా తవ్వి, మఖమల్ లోపల ఉండగానే గూడు దాని మీదకి జరిపింది. "దయచేయండి మహారాణిగారూ!" అంది. మఖమల్ సిగ్గుపడి నవ్వేసింది.

సాయంత్రం కలువల దండ గవ్వ మెడలో పడింది. గవ్వ దాన్ని ఊరికే ఉంచుకుందా? వరసలో ఉన్న బాతులకి తలా ఒక పువ్వు పంచేసింది.

అప్పట్నుంచీ గిజిగాడు "ఎలా పడుకుంటావు?" అని అడిగితే ఒక్కరూ అబద్ధమాడరు. ఒకడు "వెల్లకిలా, కాళ్ళు గాల్లోకి" అంటాడు. ఒకత్తె "నా తోక నేనే కొరుక్కుంటూ" అంటుంది. మఖమల్ అయితే అందరికంటే గట్టిగా, "గోతిలో!" అని అరుస్తుంది.

నీతి: ఎదుటివాళ్ళు మెచ్చేది కాదు, మన ఒంటికీ అలవాటుకీ నప్పేది ఎంచుకోవాలి. అందుకు ముందు మనమేమిటో దాచకుండా చెప్పుకోవాలి.