నీలం పోగు

ఓదెలు దండకడియం ఊడుతలేదు.

పొద్దుగాల తాలీంల కుస్తీ పడుతుంటె మోచెయ్యి మడతపడ్డది. అన్నం యాళ్లకు చెయ్యంత బూరెలెక్క ఉబ్బింది. భుజం కింద వెండి కడియం కండల దిగబడి కూసున్నది. వేళ్లు నల్లబడుతున్నయి.

"కడియం కోసి తీయుండ్రి. పొద్దుమూకెదాక ఉంచితె చెయ్యి దక్కదు," అన్నడు డాక్టరు.

ఓదెలు కోయనియ్యలేదు. అది జాతరల పెద్ద పహిల్వాన్‌ను చిత్తు చేసి గెలిచిన కడియం. కండ ఇంకింత ఉబ్బి కనబడాలని వెండిపని చేసే అవుసులాయన్ని బతిమాలి బిగ్గ చేపిచ్చుకున్నడు, చేతికున్నప్పుడే అతుకు పెట్టిచ్చిండు. ఆ రోజే దండచేతికున్న పాత నూలుపోగును తెంపి పారేసిండు. వెండి పక్కన పోగేందని.

ఆ పోగు లతీఫ్ ఉస్తాద్ కట్టింది. తాలీంల చేరే ప్రతోడు ఇంటినుంచి ఓ పోగు తేవాలె. ఉస్తాద్ దాన్ని రెండు తుంపులు చేసి ఒకటి శిష్యుని దండకు కడతడు. రెండోది ఏం చేస్తడో ఎవడూ అడగలేదు. ఓదెలు పోగు తెంపిన రోజు ఉస్తాద్ చూసిండు.

ఇప్పుడు అవుసులాయన కత్తెర పట్టుకొని గోదా గట్టు మీద కూసున్నడు.

"చెయ్యి పోయినంక కడియం మెడల ఏసుకుంటవారా?" అని నవ్విండు తోటి పహిల్వాన్ సాయిలు.

"కోస్తె నేను ఓడినట్టే," అన్నడు ఓదెలు. ఉస్తాద్ దిక్కు తిరిగిండు. "ఉస్తాద్, మీరన్న చెప్పుండ్రి."

ఉస్తాద్ వచ్చి పక్కన కూసున్నడు. ముసలాయన దండకు ఎప్పటినుంచో ఓ మాసిన కట్టు ఉంటది. ఏదో దర్గా మొక్కు అనుకునేటోళ్లు అందరు. దాని కొస పట్టి మెల్లగ విప్పుడు మొదలుపెట్టిండు.

పోగు వస్తనే ఉన్నది. ఒకదానికొకటి ముడేసిన తుంపులు. పసుపుది, ఎర్రది, గోనెసంచిది.

సాయిలు నవ్వు ఆగింది. "ఆ గోనెపోగు నాది," అన్నడు చిన్నగ. "ఆ దినం మా ఇంట్ల ఇంకేం లేకుండె."

తర్వాత నీలం పోగు వచ్చింది. ఓదెలు ముందుకు వంగి చూసిండు. వాళ్లమ్మ మగ్గం మీది నూలు అది. తను తెంపి పారేసిన పోగుకు జత.

అన్నిటికన్న లోపల ఓ నల్ల పోగు, ఉస్తాద్‌కు వాళ్ల ఉస్తాద్ కట్టింది. దాని కింద తోలు పసిపిల్ల తోలు లెక్క తెల్లగున్నది.

ఉస్తాద్ ఓదెలు చేతికి నూనె రాసిండు. పోగు కొసను కడియం కిందికెల్లి పైకి తీసి, మిగిలినదాన్ని మణికట్టు దాక పక్కపక్కనే బిగ్గ చుట్టిండు. ఉబ్బిన కండ అణిగింది. ఆనక పైకొసను పట్టి విప్పుకుంట వచ్చిండు. ఒక్కో చుట్టు విప్పినకొద్ది కడియం అంతంత కిందికి జరిగింది. మోచెయ్యి దాటేటప్పుడు ఓదెలు పండ్లు కొరికిండు.

కడియం ఎర్రమట్టిల పడ్డది. దాన్నెవరూ చూడలేదు. అందరు ఓదెలు వేళ్లనే చూస్తున్నరు. నలుపు పోయి మెల్లగ రక్తం దిగుతున్నది.

అవుసులాయన కత్తెర సంచిల పెట్టుకున్నడు.

ఉస్తాద్ నల్ల పోగును తన దండకు ఆనిచ్చి చెయ్యి చాపిండు. ఓదెలు బాగున్న చేత్తోని చుట్టుడు షురూ చేసిండు. నీలం పోగు కాడికి రాంగనే వాని చెయ్యి ఆగింది. కండ్ల నీళ్లు అడ్డమొచ్చినయి. తుడుచుకొని, ఇంకింత గట్టిగ గుంజి చుట్టవోయిండు.

"అంత బిగ్గ వద్దు బిడ్డా," అన్నడు ఉస్తాద్. "ఇంకా వచ్చేటోళ్లున్నరు."