ఒలికిపోయే చదువు

జొన్నలగిరి రాజు చెన్నభూపతికి పుట్టినరోజు దగ్గరపడేసరికి ఒక సరదా పుట్టింది. బడిపిల్లలంతా కొలువులో నిలబడి తన మీద వెయ్యి పద్యాలు అప్పజెప్పాలట. ఒక్క అక్షరం తప్పినా ఆ ఏడు తాను పుట్టినట్టే కాదట.

బడి పెద్ద అప్పళాచార్యులు లేచాడు. ఆయన తలపాగా ఎంతంటే, వానొస్తే దాని కింద నాలుగు కుటుంబాలు తలదాచుకోవచ్చు.

"ప్రభూ, తల ఒక చెంబు. చదువు అందులో పోసిన పాలు. పిల్లలు గెంతితే ఒలికిపోతుంది. ఆటలు మాన్పించండి. మధ్యాహ్నం తిండికి లేవడం కూడా దండగ. కదలకుండా కూర్చోబెడితే వెయ్యేమిటి, రెండువేలు నింపుతాను."

రాజు సరేనన్నాడు. ఆటస్థలానికి ముళ్ళకంచె పడింది. పొద్దున చతికిలబడ్డ పిల్లలు పొద్దుగూకితేగాని లేవడం లేదు. మంచినీళ్ళకు లేచినా తిట్లే. పాపం, తుమ్ము వస్తే దాన్ని కూడా ఇంటికి పట్టుకెళ్ళి తుమ్మేవారు.

రాజుకు వింజామర వీచే గౌరసానికి మంగ అని ఒక మనవరాలుంది. ఆ పిల్ల పరుగందుకుంటే కుందేళ్ళు పక్కకు జరిగి దారిచ్చేవి. అలాంటిది నెల తిరిగేసరికి పొట్లకాయలా పాలిపోయి, గోడ పట్టుకుని ఇల్లు చేరింది.

"మామ్మా, పద్యం సగమే గుర్తుంది. కాళ్ళు ఎక్కడున్నాయో అసలే గుర్తులేదు" అంది.

గౌరసాని ఆ రాత్రంతా పిల్ల కాళ్ళకు నూనె రాస్తూ కూర్చుంది. మర్నాడు నిండుకొలువులో వింజామర ఆపేసింది. రాజుకు చెమటలు కాలవలై పారాయి.

"ఏం గౌరసానీ, చెయ్యి నొప్పా?"

"లేదు ప్రభూ. గెంతితేనే పిల్లల చదువు ఒలికిపోతుందట. నేను విసిరితే ఏలినవారి తెలివి ఎగిరిపోతుందేమోనని."

కొలువంతా మూతికి ఉత్తరీయాలు అడ్డం పెట్టుకుంది. ఆచార్యులికి మండిపోయింది.

"వింజామర ఊపేదానివి, నీకు విద్య సంగతి ఏం తెలుసు?"

"ఏం తెలియదు స్వామీ. నా మనవరాలి కాళ్ళ సంగతి తెలుసు."

రాజు గడ్డం నిమురుకున్నాడు. "సరే. ఆచార్యులది తప్పని రేపు మధ్యాహ్నంలోగా చూపించు, ఆటలు తిరిగిస్తాను. చూపించలేకపోయావో, ఏడాదిపాటు నోరు విప్పకూడదు."

గౌరసాని నిద్రలో కూడా ఇరుగుపొరుగుతో మాట్లాడే మనిషి. ఆమెకు ఇంతకంటే కారాగారం నయం. అయినా ఒప్పుకుంది.

తెల్లారేసరికి ఆచార్యులి వాకిట్లో గౌరసాని పంపిన పల్లకీ సిద్ధం. అందులో ఏడు పరుపులు, చుట్టూ దూది, మోయడానికి ఊరి బోయీలంతా. ముందు డప్పువాడు అరుస్తున్నాడు:

"తప్పుకోండహో, అంచుదాకా నిండిన తల వస్తోంది. ఒలికితే తుడవడం మన తరం కాదు."

ఆచార్యులు ఉబ్బిపోయి పల్లకీ నిండా సరిపోయాడు.

కొలువులో ఆయన్ని ఎత్తైన పీట మీద బాసింపట్టు వేయించి కూర్చోబెట్టారు. బడిపిల్లలంతా ఎదురుగా చేరారు. గౌరసాని ఒక వెండిపళ్ళెం తెచ్చి ఆయన చెవి కింద పట్టుకుని నిలబడింది.

"ఇదెందుకే?" అన్నాడు రాజు.

"విలువైన సరుకు కదా ప్రభూ. చుక్క జారినా నేలపాలు కాకూడదు."

ఆచార్యులు మెచ్చుకోలుగా తలూపబోయాడు.

"అయ్యయ్యో, ఊపకండి స్వామీ. తర్కమంతా ఈ చెవి దగ్గరికొచ్చి నిలబడింది."

ఆయన బిగుసుకున్నాడు. ఒక జాము గడిచింది. దాహమేసింది, వంగి తాగడానికి లేదు. వేడివేడి గారెలు ముక్కు ముందునుంచే రాజుగారి పళ్ళెంలోకి వెళ్ళాయి, తల తిప్పి చూడ్డానికైనా లేదు. ఆయన కడుపు వేసిన కేకకు ఏనుగుశాలలో ఏనుగులు బదులు పలికాయట.

రెండో గారె నములుతూ రాజు అడిగాడు. "ఆచార్యా, నా మీద రాసిన మొదటి పద్యం చదవండి, విందాం."

ఆచార్యులు నోరు తెరిచాడు. పద్యం రాలేదు.

"శ్రీ..." అన్నాడు. మళ్ళీ "శ్రీ..." అన్నాడు. చెమటలు పట్టాయి. "ప్రభూ, కాళ్ళు తిమ్మిరెక్కాయి. కళ్ళు తిరుగుతున్నాయి. గారెలు తప్ప ఏమీ గుర్తు రావడం లేదు."

మంగ పక్కపిల్లతో గుసగుసలాడింది. "మనకీ అంతే కదే."

ఆ మాట రాజు చెవిన పడింది. నోటిదాకా వచ్చిన గారె అక్కడే ఆగిపోయింది.

ఇంతలో ఆచార్యులి తిమ్మిరి తొడదాకా పాకింది. ఇక ఓర్చుకోలేక పీట మీదనుంచి దూకాడు. ఒంటికాలి మీద కొలువంతా గెంతాడు. తలపాగా ఎగిరి సేనాపతి నెత్తిన పడింది. గౌరసాని పళ్ళెం చెవి కిందే ఉంచి, "నెమ్మది స్వామీ, నెమ్మది" అంటూ వెంట పరిగెత్తింది.

గెంతి గెంతి, రెండు చెంబుల నీళ్ళు తాగి, చేతికందిన గారెలన్నీ మింగి ఆచార్యులు నిలబడ్డాడు. గౌరసాని చేతులు జోడించింది.

"స్వామీ, నిజం చెప్పండి. చదువు ఒలికిందా, లేదా? ఒలికితే ఖాళీ చెంబుకి బడి ఎలా అప్పగిస్తారు? ఒలకకపోతే నా మనవరాల్ని గెంతనివ్వండి."

అంతమంది ముందు ఖాళీ చెంబు అనిపించుకోవడానికి ఆయనకు ప్రాణం ఒప్పలేదు.

"ఒక్క చుక్క కూడా ఒలకలేదు" అని గర్జించి, ఊపిరి తీసుకోకుండా వంద పద్యాలు చదివేశాడు. చదివాక గాని తానేమన్నాడో ఆయనకు తెలియలేదు.

రాజు పడీపడీ నవ్వాడు. ఆ నవ్వుకు కోటగోడ మీది పావురాలు పొరుగురాజ్యానికి వలసపోయాయి. "కంచె పీకించండి. ఈ పూటనుంచే ఆటలు. ఆచార్యులు కూడా రోజూ పిల్లలతో గెంతాలి. గౌరసానీ, గెలిచావు. నీకేం కావాలో కోరుకో."

గౌరసాని వెండిపళ్ళెం తిరగేసి చూపించింది.

"పొద్దుటినుంచి ఖాళీ పళ్ళెమే పట్టుకు నిలబడ్డాను ప్రభూ. దీన్ని నింపించండి."

"బంగారంతోనా?"

"జొన్నసంకటి, తోటకూర పప్పుతో. రోజూ మధ్యాహ్నం, బడిలో ఎంతమంది పిల్లలుంటే అన్ని పళ్ళేలు. పండగపూట గారెలు."

రాజు "అలాగే" అనేలోపే కొలువు ఖాళీ. ఆటస్థలం వైపు దుమ్ము లేచింది. ఆ దుమ్ములో అందరికంటే ముందు మంగ, అందరికంటే వెనక, పంచె ఎగ్గట్టుకుని, ఆచార్యులు.