రాజావారి చల్లగాలి స్విచ్చి

బూరెలపాలెం రాజావారికి ఎండ పడదు. ఒక మాట మీద నిలబడటమూ పడదు గానీ, ఆ సంగతి ఇప్పుడెందుకు. ఎండ పడదనే ఆయన పడవంత కారు కొని, మద్రాసు నుంచి చల్లగాలి యంత్రం తెప్పించి అందులో బిగించారు. బిగించిన నెలకే పేచీ వచ్చింది.

సాయంత్రం షికారుకు బయల్దేరేసరికి ట్యాంకులో పెట్రోలు సగం ఖాళీ. రాజావారు భోంచేసి నడుం వాల్చే వేళకు ఎవరో కారెక్కి, ఇంజను వేసుకుని, చల్లగా కునుకు తీస్తున్నారు.

"ఇంకెవరు ప్రభూ? డ్రైవరు గవరయ్యే," అన్నాడు దివాను భుజంగరావు. గవరయ్యను సాగనంపి ఆ స్టీరింగు బావమరిది చేతిలో పెట్టాలని ఆయనకు ఏనాటి నుంచో కోరిక.

"నాను కాదు మారాజా," అన్నాడు గవరయ్య.

రాజావారికి ఆలోచన తట్టింది. ఆయనకు ఆలోచన తట్టిందంటే ఎవడికో మూడినట్టే.

"నువ్వు కాకపోతే ఇంకెవడూ ఎక్కకుండా చూడు. నేను నొక్కితేనే గాలి రావాలి, ఇంకెవరు నొక్కినా రాకూడదు. అలాంటి స్విచ్చి నాలుగు రోజుల్లో డ్యాష్‌బోర్డులో పెట్టు. లేదంటే తాళాలూ టోపీ అప్పగించి పో."

గవరయ్య పద్దెనిమిదేళ్ళుగా ఆ కారును కన్నబిడ్డలా చూసుకున్నాడు. దాన్ని వదిలి పోవాలంటే అతనికి ఏడుపొచ్చింది. కారు దగ్గరికే వెళ్ళి ఏడ్చాడు కూడా. ఏడ్చాక గుడ్డ తీసుకుని తుడవడం మొదలెట్టాడు.

డ్రైవరు పక్కన ఎడమ వైపున్నది రాజావారి సీటు. బూరెలపాలెంలో తాతల నాటి నుంచి రాజు కూర్చునే చోట ఇంకొకరు కూర్చోకూడదు. అప్పట్లో అది ఏనుగు అంబారీ, ఇప్పుడు కారు సీటు, అంతే తేడా. గవరయ్య సైతం ఆ సీటుకు దండం పెట్టాకే దుమ్ము దులుపుతాడు. ఆ రోజు దండం పెట్టి వంగేసరికి దాని మీద చిటికెడు నశ్యం పొడి కనపడింది.

రాజావారికి నశ్యం అలవాటు లేదు. కోటలో నశ్యం పీల్చేది ఒక్క దివానే. కోటలోని తాళాలన్నిటికీ రెండో జత ఉండేదీ ఆయన దగ్గరే. కానీ దివాను మీద డ్రైవరు చెబితే ఎవరు నమ్ముతారు?

గవరయ్య నోరు మూసుకుని పనిలో దిగాడు. డ్యాష్‌బోర్డు చెక్కకు రంధ్రం చేసి, ఇత్తడి స్విచ్చి అమర్చి, గచ్చకాయలా నున్నగా రుద్దాడు. దాని తీగలు ఎటు పోయాయో ఎవరికీ చెప్పలేదు. రెండో రోజుకే పని ముగించి, కారు వంక చూడకుండా తిరిగాడు.

"బండి తోలేవాడికి కరెంటు పని తెలుస్తుందిటండీ," అని దివాను దారిన పోయేవాళ్ళకల్లా చెప్పాడు.

నాలుగో రోజు కోటంతా కారు చుట్టూ మూగింది. గవరయ్య ఇంజను వేసి దిగాడు.

"ఈ స్విచ్చికి రాచబిడ్డ చెయ్యి తెలుసు మారాజా. ఎవులైనా నొక్కి సూడొచ్చు."

అందరూ డ్రైవరు వైపు నుంచి చెయ్యి చాపి నొక్కారు. పురోహితుడు మంత్రం చదివి మరీ నొక్కాడు. వంటవాడు చెయ్యి కడుక్కుని వచ్చి నొక్కాడు. ఉక్కపోత తప్ప ఏమీ రాలేదు.

రాజావారు తన సీట్లో కూలబడి నొక్కారు. చల్లగాలి రివ్వున తగిలి మీసాలు ఊగాయి. ఆయన ఆనందానికి అవధుల్లేవు. దిగివచ్చి దివానును ముందుకు తోశారు.

భుజంగరావు కూడా డ్రైవరు వైపు నుంచే వంగి నొక్కాడు. రాలేదు. రెండు చేతులతో నొక్కాడు. రాలేదు. చుట్టూ ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు.

"సంస్థానమంతా ఆడించే సెయ్యే గానీ," అన్నాడు గవరయ్య జాలిగా, "ఎంతైనా స్విచ్చికి ఆనలేదు దివానుగోరూ."

దివానుకు ఒళ్ళు మండిపోయింది.

"ఇదంతా దగా ప్రభూ! నిన్న మధ్యాహ్నం ఇదే స్విచ్చి నా చేతికి గంటసేపు ఆడింది!"

గవరయ్య వంగి రాజావారి సీటు మెత్త ఎత్తాడు. కింద రెండు రాగి రేకులు, ఒకదాని మీద ఒకటి, అంటీ అంటకుండా ఉన్నాయి.

"నిజమే మారాజా, ఆడుంటది. తమరి సీట్లో ఎవులైనా కూకుని బరువేస్తే సాలు, ఎవులు నొక్కినా ఆడతాది."

రాజావారు దివాను వంక చూశారు. దివాను నేల చూపులు చూశాడు.

గవరయ్య మెత్త మళ్ళీ సర్దాక, కోప్పడదామనే రాజావారు సీట్లో కూర్చున్నారు. కానీ దివాను నొక్కిన స్విచ్చి ఇంకా వేసే ఉంది; కూర్చోగానే గాలి వచ్చింది, లేవగానే ఆగిపోయింది. మళ్ళీ కూర్చున్నారు, మళ్ళీ లేచారు. మూడోసారికి ఆయనకు నవ్వు ఆగలేదు. బొజ్జ ఎగిరినప్పుడల్లా మెత్త ఎగిరి, గాలి వస్తూ ఆగుతూ, కోటంతా నవ్వుల్లో పడింది.

వేలి ఉంగరం తీసి గవరయ్య అరచేతిలో పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ తీర్పు చెప్పారు.

"రేపటి నుంచి నెల రోజులు మధ్యాహ్నం గవరయ్య వెనక సీట్లో పడుకుంటాడు. దివాను విసనకర్రతో విసురుతాడు."