ముళ్ళ మొక్కకి విందు భోజనం

ఇటు తిరిగి పడుకో బుజ్జీ. కాళ్ళు దుప్పట్లోకి లాక్కో. మధ్యలో అడ్డుప్రశ్నలు వేశావంటే కథ అక్కడే ఆపేస్తాను, ముందే చెప్తున్నా.

అనగనగా గోదారి కాలువ ఒడ్డున ఒక ఊళ్ళో మాణిక్యాంబ గారని ఒకావిడ ఉండేది. ఆవిడ పెట్టే చెయ్యి అంత పెద్దది ఆ చుట్టుపక్కల ఎవరికీ లేదు. ఆ ఇంటి గడప తొక్కినవాళ్ళు తినకుండా బయటికి రావడం కల్ల. ఉత్తరం ఇవ్వడానికొచ్చిన పోస్టుమాను కూడా నాలుగు గారెలు తిని, ఆపసోపాలు పడుతూ సైకిలెక్కేవాడు.

మనుషులకే కాదు, మొక్కలకీ అంతే. కొబ్బరి చెట్టుకి, అరటికి, కనకాంబరానికి దేనికి పెట్టాల్సింది దానికి పెట్టేది. అన్నీ విరగకాసేవి. "మాణిక్యాంబ గారి చేతి చలవ" అని ఊరంతా అనేది. ఆ మాట వింటే ఆవిడకి ఆ పూట అన్నం కూడా అక్కర్లేదు.

ఆ తర్వాత ఆవిడ కొడుకు సూరిబాబు అనంతపురంలో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, అక్కడి పిల్లనే పెళ్ళి చేసుకుని తీసుకొచ్చాడు. ఆ పిల్ల పేరు ఓబులేశ్వరి. సన్నగా, నెమ్మదిగా ఉండేది. శ్రావణమాసంలో అత్తారింటికి వచ్చింది. ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో చిన్న మట్టికుండీ. కుండీలో గుమ్మడిపిందె అంత, గుండ్రటి ముళ్ళ మొక్క. జెముడు జాతి.

"ఇదేం మొక్కే తల్లీ, పట్టుకుంటే గుచ్చుకుంటుంది!" అంది మాణిక్యాంబ.

"మా తాత ఇచ్చినాడత్తా. ఇది నిలిచిన తావున నువ్వూ నిలుస్తావు అని చెప్పినాడు" అంది ఓబులేశ్వరి.

తాత ఏదో ముద్దుగా అన్నాడు. కానీ ఆ పిల్ల మనసులో అది గట్టిగా పడిపోయింది. ఈ మొక్క బతికితే నేనీ ఇంట్లో బతుకుతాను, ఇది పోతే నేనూ ఇక్కడ ఇమడలేను అనుకుంది. పిచ్చిపిల్ల. కొత్త ఇల్లు, కొత్త నీళ్ళు, ఆ మాత్రం బెంగ ఉండదూ మరి.

అప్పుడు మాణిక్యాంబ మొక్కని తేరిపార చూసింది. "అయ్యో, ఎంత ఎండిపోయిందో పాపం! మా ఇంటికొచ్చింది కదా, చూడు ఎలా తేరుకుంటుందో" అంది.

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే చెంబుడు బియ్యం కడిగిన నీళ్ళు పోసింది. మొక్క నిగనిగలాడుతూ ఉబ్బింది. "చూశావా అమ్మాయ్, ఒళ్ళు చేసింది!" అని మురిసిపోయింది. ఓబులేశ్వరి నోరు తెరిచింది, మళ్ళీ మూసేసుకుంది. కొత్త కోడలు కదా.

ఆ తర్వాత వేరుశనగ చెక్క నానబెట్టి, అందులో పచ్చి పేడ కలిపి పోసింది. మొక్క తలకాయ పాలిపోయి, సాగిపోయి, ఒక పక్కకి వాలింది. "ఎదుగుతోంది!" అంది మాణిక్యాంబ. ఓబులేశ్వరి మళ్ళీ నోరు తెరిచింది, మళ్ళీ మూసేసుకుంది.

అటు భోజనాల దగ్గరా ఇదే వరస. విస్తట్లో ఒక బొబ్బట్టు తినేలోగా రెండోది పడేది. రెండోది తినేలోగా నెయ్యి పడేది. ఆ పిల్ల కడుపు పట్టుకుని దొడ్లో తిరిగేది. ఎవరికి చెప్తుంది? పెట్టేవాళ్ళ ముందు ఏడిస్తే బాగుంటుందా?

మూడోసారి మాణిక్యాంబ చేపలు కడిగిన నీళ్ళు తెచ్చింది. గులాబీలకి అమృతంలా పనిచేస్తుంది మరి అది. ఓబులేశ్వరి కుండీ దగ్గరికి పరుగెత్తి చూసింది. మొక్క ఒళ్ళు పగిలింది. మొదలు దగ్గర వేలు పెడితే మెత్తగా దిగిపోయింది. కుళ్ళిన వాసన వస్తోంది.

అప్పుడు ఆ పిల్ల కుండీకి అడ్డంగా నిలబడింది.

"సాలత్తా! ఇంగ పెట్టొద్దు! తిండి ఎక్కువై సచ్చిపోతాంది అది!"

చూశావా బుజ్జీ! ఆ ఇంట్లో మాణిక్యాంబ గారికి చాలు అని చెప్పినవాళ్ళు అంతవరకూ పుట్టలేదు. ఆవిడ మొగుడు చెప్పలేదు, కొడుకు చెప్పలేదు, కొత్త అల్లుళ్ళు కూడా చెప్పలేదు. ఆవిడ చేతిలో చెంబు కిందపెట్టింది. "నా చేత్తో పెట్టింది విషమా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుని, వెళ్ళి రుబ్బురోలు పక్కన కూలబడింది. ఆ పూట పచ్చిమంచినీళ్ళు కూడా ముట్టలేదు.

ఓబులేశ్వరికి భయం వేసింది. అయినా వెళ్ళి పక్కనే కూర్చుంది. ఇదిగో, ఇక్కడే ఆ పిల్ల అంటే నాకు ఇష్టం. తప్పయిపోయిందని కాళ్ళ మీద పడలేదు. అలిగి గదిలోకి పోనూ లేదు.

"విషం కాదత్తా. మా పక్క వానలు తక్కువ. ఇది పడిన నాలుగు సినుకులూ ఒంట్లో దాపెట్టుకొని బతికే జాతి. దీనికి తిండి కొంచెమే. అదీ దానికి ఆకలైనప్పుడే. తక్కిన దినాలు ఊరికే వదిలిపెట్టాల."

మాణిక్యాంబ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత కోడలి మొహంలోకి చూసింది. "అయితే అమ్మాయ్... నీకూ అంతేనా? నేను రోజూ విస్తట్లో వేస్తుంటే..."

"నాకూ అంతే అత్తా" అంది ఓబులేశ్వరి. అని బావురుమంది.

అప్పుడు మాణిక్యాంబ కోడలి తల ఒళ్ళోకి తీసుకుంది. "ముందే చెప్పొచ్చు కదే వెర్రిమొహమా! నేను పెట్టడం ఒక్కటే నేర్చుకున్నాను, అడగడం నాకెవరూ నేర్పలేదు" అంది.

ఆ తర్వాత ఇద్దరూ కొంగులు బిగించారు. గోనెసంచి ముక్క చుట్టి మొక్కని కుండీలోంచి పైకి తీశారు. కుళ్ళిన వేళ్ళు, కుళ్ళిన మొదలు కడిగిన కత్తితో కోసేశారు. మంచి కండ మిగిలింది, కోడిగుడ్డంత. దాన్ని మట్టీ నీళ్ళూ లేకుండా నీడలో పది రోజులు ఆరబెట్టింది ఓబులేశ్వరి.

"పది రోజులు పస్తులా!" అని మాణిక్యాంబ ప్రాణం కొట్టుకుపోయింది.

కోత ఆరి గట్టిపడ్డాక, సగానికి సగం ఏటి ఇసుక, కాసిన్ని ఇటుక ముక్కలు, మిగతాది మట్టి కలిపి, అడుగున చిల్లున్న కుండీలో పెట్టారు. ఎండ తగిలే చోట, వాన పడని చోట, అరుగు మీద ఉంచారు.

చలికాలం వచ్చింది. చలికాలంలో ఆ మొక్క నిద్రపోతుంది, నీలాగే. అప్పుడు దానికి ఎరువు పెట్టకూడదు. పెట్టకుండా ఉండడం మాణిక్యాంబకి ఎంత కష్టమో తెలుసా? మొదటిసారి చెంబుతో అరుగు దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. రెండోసారి కుండీ మీదికి చెంబు వంచి కూడా ఆపుకుంది. మూడోసారి గిరుక్కున తిరిగి మొత్తం కరివేపాకు మొదట్లో కుమ్మరించింది. ఆ ఏడు కరివేపాకు చెట్టు ఇంటి చూరందుకుంది.

ఫాల్గుణం వచ్చి ఎండ వెచ్చబడగానే మొక్క కొనలో కొత్త ముళ్ళు ఎర్రగా మొలిచాయి. "ఇప్పుడు ఆకలైందత్తా" అంది ఓబులేశ్వరి. బాగా మాగిన ఎరువు ఒక చెంచాడు చెంబు నీళ్ళలో నానబెట్టి, తేట వంచింది. ముందు మట్టిని ఉత్తనీళ్ళతో తడిపింది. ఆ తర్వాత గ్లాసుడు తేట మాణిక్యాంబ చేతికే ఇచ్చి "నువ్వే పొయ్యత్తా" అంది. ఆవిడ ఒక్కో చుక్కా లెక్కపెడుతున్నట్టు పోసింది. నెలకి ఒక్కసారే. ఫాల్గుణంలో ఒకటి, చైత్రంలో ఒకటి, వైశాఖంలో ఒకటి. మధ్యలో మట్టి పొడిపొడిగా ఎండితే తప్ప నీళ్ళు కూడా లేవు.

మూడో గ్లాసు పోసిన వారానికి, కొనలో దూదిపింజంత మొగ్గ కనిపించింది. ఒకరోజు పొద్దున్న పది గంటలకి అది విచ్చుకుంది. గులాబీ రంగు పువ్వు, మొక్క కంటే వెడల్పు!

ఓబులేశ్వరి ఆ పువ్వు ముందు కూర్చుని లేవలేదు. మాణిక్యాంబ ఊరుకుంటుందా? వీధి వీధంతా తిరిగి జనాన్ని పిలుచుకొచ్చింది. అరుగు నిండా మనుషులే.

"ఏం వేశారండీ దీనికి? ఏం ఎరువండీ? ఏదైనా మాణిక్యాంబ గారి చేతి చలవే వేరండి" అన్నారు అందరూ.

ఆ మాట కోసం ఆవిడ జన్మంతా వండింది, పెట్టింది. కానీ ఆ రోజు తల అడ్డంగా ఊపింది. కోడలి భుజం పట్టుకుని ముందుకు తీసుకొచ్చి నిలబెట్టింది.

"నా చెయ్యి దాన్ని చంపబోయిందండి. ఈ పిల్ల అడ్డంగా నిలబడి బతికించింది. ఈ ఊళ్ళో నా చెయ్యి పట్టుకుని ఆపిన మనిషి ఎవరైనా ఉన్నారా? మా ఓబులేశ్వరి ఒక్కతే! పువ్వుని తర్వాత చూద్దురు గాని, ముందు మా కోడల్ని చూడండి" అంది.

కథేమో కంచికి చేరిందమ్మా,
మనమేమో ఇంటికి చేరామమ్మా,
చాలన్న నోటికి జేజేలమ్మా,
జోగేటి కళ్ళకు జోజోలమ్మా.