గ్రైండర్ బల్ల దగ్గర

మౌలాలికి ఎంత ఆలోచించినా అంతుబట్టలేదు. కొత్త రౌటర్ మీద పచ్చ దీపాలు మిణుగురుల్లా వెలుగుతున్నాయి. ఫోనులో సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి. బొమ్మ మాత్రం రావడం లేదు. తెర నడుమ ఒక చిన్న సున్నా తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది.

దాదాపీరు బాబా ఇల్లు రైలుబండి లాంటిది. ఒక గది వెనక ఒక గది, మధ్యన మందపాటి రాతిగోడలు. ముందు గదిలో బాబా ప్రతి గురువారం సాయంత్రం వచ్చినవాళ్ళకు నాలుగు మంచి మాటలు చెప్తారు. చిట్టచివరి గదిలో ఆయన అక్క జైబున్నమ్మ మంచాన ఉంటుంది. తుంటి విరిగినప్పటి నుంచి తమ్ముడి మాటలు ఆమె ఫోనులోనే వింటోంది. ముందు గదిలోని రౌటర్ సిగ్నల్ ఆ గోడలన్నీ దాటలేదు. మాట సగంలో తెగిపోతుంది. తక్కిన సగం కోసం ఆమె తలుపు వైపు చూస్తూ ఉండిపోతుంది.

ఆ చూపు తట్టుకోలేకే మౌలాలి రెండో రౌటర్ తెచ్చాడు. మొదటిదాని నుంచి గాలిలోనే అందుకొని ముందుకు పంపే రకం. "ఈ గురువారం బాబా నీ పక్కన కూర్చొని చెప్పినట్టే ఉంటుంది పెద్దమ్మా" అని మాటిచ్చాడు. ఆ గురువారం ఇవాళే.

మౌలాలికి ఇంకో ఆశ కూడా ఉంది. బాబా దగ్గర ఎనిమిదేళ్ళు గడిపాడు. ఇక తన ఊరికి పోయి తానూ పదిమందికి చెప్పాలని, అనుమతి అడిగి నెల దాటింది. బాబా ఔననలేదు, కాదనలేదు. ఈ పని చక్కగా చేస్తే నోరు విప్పుతారేమో.

"పెట్టె చెడిందేమో అబ్బీ" అంది జైబున్నమ్మ.

"చెడితే దీపాలెందుకు వెలుగుతాయి పెద్దమ్మా? నీ తలగడ పక్కనే పెట్టినా. ఇంకా దగ్గరంటే కమ్మ మాదిరి నీ చెవికే తగిలించాల!"

అప్పుడే బాబా వచ్చారు. రౌటర్ వైపు చూడలేదు.

"మౌలాలీ, నేను ముందు గదిలో కూర్చొని ఒక మాట చెప్తా. నా గొంతు బాగాలేదు, అరవలేను. నువ్వు ఇక్కడే నిలబడు. నేనన్నది అందుకొని అక్కకు గట్టిగా చెప్పు."

వెళ్ళారు. మౌలాలి చెవులు రిక్కించాడు. గోడల అవతల ఏదో గొణుగుడు. ఒక్క ముక్కా తెలియలేదు. అయితేనేం, ఎనిమిదేళ్ళుగా వింటున్న మాటలే కదా! కళ్ళు మూసుకొని గొంతెత్తాడు.

"లోపలి తలుపు తెరిచినవాడికి బయటి తాళం అడ్డు కాదు!"

జైబున్నమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "గొంతు బాగాలేని మనిషి ఇంత పెద్ద మాట అన్నాడా?"

బాబా వచ్చి అతని చెయ్యి పట్టుకొని ముందు వైపున్న గదిలోకి తెచ్చి నిలబెట్టారు. వెళ్ళి మళ్ళీ చెప్పారు. వినబడలేదు. దానికీ ముందున్న గదిలోకి తెచ్చారు. అది వంటగది. గుమ్మం పక్కన గ్రైండర్ బల్ల.

"ఇక్కడ నిలబడు."

ఈసారి వినబడింది. మౌలాలి మొహం ఎర్రబడింది.

"చెప్పవేమి?" అన్నారు బాబా ముందు గదిలోంచి.

మౌలాలి వెనక్కి తిరిగి కేకేశాడు. "పెద్దమ్మా... అన్నం తిన్నావా అని అడుగుతున్నారు."

"ఎక్కడ తిన్నా!" వెనక గదిలోంచి జవాబొచ్చింది. "పొద్దున్నుంచి ఈ అబ్బి పెట్టె ముందరేసుకొని కూర్చున్నాడు. నా కంచం ఎవరికి గుర్తుంది?"

మౌలాలి ముందు ఆమెకు అన్నం పెట్టాడు. ఆమె చెయ్యి కడుక్కున్నాక, తలగడ పక్కనున్న రౌటర్ తెచ్చి గ్రైండర్ ప్లగ్గుకు తగిలించాడు.

సాయంత్రం జైబున్నమ్మ ఫోనులో సున్నా ఒక్క చుట్టు తిరిగి ఆగింది. తమ్ముడి మొహం వచ్చింది. చివరి మాట దాకా తెగలేదు.

అందరూ వెళ్ళాక, కూర్చున్న చోటి నుంచే, గొంతు పెంచకుండా బాబా అడిగారు.

"ఊరికి పోతానంటివే, ఎప్పుడు?"

వంటగదిలో ఉన్న మౌలాలికి ఆ మాట స్పష్టంగా వినబడింది. చాప దులిపి, గ్రైండర్ బల్ల పక్కన పరుచుకున్నాడు.