పందిరి కింది బండ

మా గురువు వీరనాచారి గారికి ఒక అలవాటుంది. ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పరు, పని చెబుతారు. వృత్తికి వడ్రంగి. డెబ్బై దాటినా ద్వారబంధాలు చేస్తూనే ఉన్నారు. మేము పదిమందిమి సాయంత్రాలు ఆయన కొట్టంలో చెక్కపేళ్ల మధ్య కూర్చుంటాం. ఒకసారి ఒకాయన మోక్షం గురించి అడిగితే చేతికి రంపం ఇచ్చారు. ఆ మహానుభావుడు మళ్లీ ఇటు తొంగి చూడలేదు.

కిందటి వేసవిలో మా తిరుపాలయ్య అడిగిన ప్రశ్నకు మాత్రం ఆయన చాలా రోజులు ఏ పనీ చెప్పలేదు. తిరుపాలయ్య పోస్టుమాస్టరుగా చేసి దిగిపోయిన మనిషి. ఒకచోట కుదురుగా కూర్చోలేడు.

"స్వామీ, ఉద్యోగం అయిపోయింది. ఒళ్లు ఇంకా గట్టిగానే ఉంది. ఊరికి పనికొచ్చేది ఏదైనా చెయ్యాలని నా ఆరాటం. ఎక్కడ మొదలుపెట్టమంటారు?"

"ఎవరికేం కావాలో కనుక్కున్నావా నాయనా?"

"ఎండాకాలంలో కనుక్కునేదేముంది స్వామీ! అందరికీ కావలసింది నీళ్లే."

గురువుగారు చిత్రిక పట్టడం ఆపలేదు. "సరే, పెట్టు" అన్నారు. అంతే.

రైల్వే గేటుకు రెండు ఫర్లాంగులు అవతల, కొండ నుంచి ఊళ్లోకి వచ్చే రోడ్డు పక్కన, ఒక వేపచెట్టుంది. దాని నీడలో చలివేంద్రం పెట్టాలనుకున్నాం. అక్కడ రెండు నిలువురాళ్లు, వాటి మీద అడ్డంగా ఒక పొడుగాటి బండ, నా భుజమెత్తున ఉన్నాయి. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో మాలో ఒక్కరికీ తెలియదు. తెలుసుకోవాలని ఒక్కరికీ తోచలేదు కూడా. "అంత ఎత్తున కుండలు పెడితే ముంచేదెట్లా? బండ దించి ఇటుకల మీద పరిస్తే దివ్యంగా ఉంటుంది" అన్నాను. ఆ బుర్ర నాదే, ఇంకొకరి మీదికి నెట్టను. ఆరుగురం కలిసి ఆపసోపాలు పడి దించాం. నిలువురాళ్లు పీకి, పడుకోబెట్టి, మేము కూర్చోవడానికి వాడుకున్నాం.

తాటాకు పందిరి, ఏడు కొత్త కుండలు, నీళ్లలో వట్టివేళ్లు. రోడ్డు మీదికి కనిపించేలా పదకొండు మంది ఫోటోలతో ఫ్లెక్సీ. అందులో నా ఫోటో కాస్త పెద్దదే పడింది. బస్సు దిగినవాళ్లు, ఆటోవాళ్లు, మోటారుసైకిళ్ల వాళ్లు, అందరూ ఆగి తాగి పోయేవారు. "పది కాలాలు చల్లగుండండి" అని దీవించేవారు. మేము మీసాలు దువ్వుకునేవాళ్లం.

అయితే నాలుగో రోజున తిరుపాలయ్య ఒక సంగతి కనిపెట్టాడు. కొండ నుంచి కట్టెలమోపులు మోసుకొచ్చే ఆడవాళ్లు ఐదారుగురు రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు ఆ దారినే పోతారు. వాళ్లలో ఒక్కరూ ఆగరు. అందరికంటే వెనక వచ్చేది ఓబులమ్మ. యాభై ఏళ్లుంటాయి. ఎండకు ముఖం పీక్కుపోయి ఉంటుంది. పందిరి దగ్గరికి రాగానే మెడ కదలదు గాని, కళ్లు మాత్రం కుండల మీదికి పోతాయి. పెదాలు తడుపుకుంటుంది.

"అమ్మా, నీళ్లు తాగి పోదువు రా" అని పిలిచాడు తిరుపాలయ్య.

"వద్దులే సామీ. మీరు సల్లగుండాల" అని నడక ఆపకుండా వెళ్లిపోయింది.

దాహం లేకపోతే అది వేరే మాట. కళ్లలో అంత దాహం పెట్టుకుని వద్దంటుందేం? మావాడికి అదే పట్టుకుంది. దోసిట్లో పోస్తామని చిన్నతనంగా ఉందేమోనని మర్నాడు స్టీలు గ్లాసులు తెచ్చాడు. "వద్దులే సామీ." మజ్జిగ చేయించాడు, అల్లం, కరివేపాకు వేసి. ఆ మజ్జిగ నేను నాలుగు గ్లాసులు తాగాను. ఓబులమ్మ మాత్రం "వద్దులే సామీ." మగవాళ్లం ఉన్నామని మొహమాటమేమోనని వాళ్ల ఆవిణ్ణి తెచ్చి కూర్చోబెట్టాడు. అదే మాట.

"పొగరులే, వదిలెయ్" అన్నాను నేను.

"పొగరున్న మనిషి సల్లగుండమని దీవిస్తుందా కొండప్పా?" అన్నాడు.

రోహిణి కార్తె రానే వచ్చింది. రోళ్లు పగిలే ఎండ. ఆ మూడో రోజున ఓబులమ్మ మా పందిరి దాటి వెళ్లి, రైల్వే గేటు దగ్గర మోపుతో సహా కుప్పకూలింది. గేటుమనిషి కేక వేస్తే పరుగెత్తాం. ఒళ్లు కాలిపోతోంది, మాట లేదు. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాం. "ఇంకో అరగంట ఆలస్యమైతే మనిషి దక్కేది కాదు" అన్నాడు డాక్టరు. సాయంత్రానికి కళ్లు తెరిచింది. తెరవగానే "నా మోపు ఏడుంది సామీ?" అని అడిగింది. రెండు రోజులకే మళ్లీ కొండకు పోతానంటోందని తెలిసింది. పోకపోతే పొయ్యి వెలగదు మరి.

తిరుపాలయ్య ఆ సాయంత్రమే గురువుగారి ముందు కూలబడ్డాడు. ఏడ్చాడు కూడా, నేను చూశాను.

"నా కుండల ముందునుంచే పోయింది స్వామీ. పిలిచాను కూడా. ఎందుకు తాగలేదు? మళ్లీ ఆ ఎండలోనే పోతానంటోంది. ఈసారి లేవకపోతే? ఎందుకో మీరన్నా చెప్పండి. లేకపోతే ఆ పందిరి పీకి పారేస్తాను."

గురువుగారు ఉలి పక్కన పెట్టారు. "నాకు వంటకు కట్టెలు కావాలి తిరుపాలూ" అన్నారు.

మేము ముఖముఖాలు చూసుకున్నాం. వడ్రంగి ఇంట్లో చెక్కపేళ్లకు కొదవా?

"ఎల్లుండి ఆమెతో పాటే కొండకు పో. ఆమె మోపు తేలిక చేసి, ఆ పైవి నువ్వు తీసుకో. నెత్తిన పెట్టుకుని నడిచి రా. ఆటో ఎక్కించావో, ఆ కట్టెలు నా పొయ్యిలో మండవు."

ఎల్లుండి పందిట్లో నా వంతు. ఒంటిగంట దాటింది. ఓబులమ్మ ముందు నడుస్తోంది. వెనక మా మాజీ పోస్టుమాస్టరు, నెత్తిన తువ్వాలు చుట్టకుదురు, దాని మీద మోపు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. నాకు జాలీ వేసింది, నవ్వూ వచ్చింది. ముంత ఎత్తి చూపించి, "రావయ్యా తిరుపాలూ, నీ కుండలే, నీ నీళ్లే! తాగి పో" అని కేకేశాను.

మెడ కదల్లేదు. కళ్లు మాత్రం కుండల మీదికి వచ్చాయి.

"వద్దులే కొండప్పా" అన్నాడు. నడక ఆపకుండా వెళ్లిపోయాడు.

ఒళ్లు మండిపోయింది నాకు. సాయంత్రం ఫిర్యాదు చేద్దామనే కొట్టానికి పోయాను. తిరుపాలయ్య చెక్క మీద బోర్లా పడుకుని ఉన్నాడు. గురువుగారు అతని మెడకు ఆముదం రాస్తున్నారు.

"దారిలో నీళ్లు దొరకలేదా?" అని అడిగారు, ఏమీ ఎరగనట్టు.

"దొరికాయి స్వామీ."

"తాగావా?"

"దించితే మళ్లీ ఎత్తేదెవరు స్వామీ?"

"నేను లేనా?" అని విరుచుకుపడ్డాను.

"నువ్వు ముంత పట్టుకుని కూర్చున్నావు కొండప్పా. నీళ్లు తాగమన్నావు, మోపు దించుకోమనలేదు. లేచి వస్తావని నాకెట్లా తెలుసు? ఆడమనిషి, నీ మొహం చూసి ఎత్తమని ఎట్లా అడుగుతుంది?"

"ఐదారుగురు ఉన్నారు కదా, ఒకరికొకరు ఎత్తుకోరా?"

"నేనూ అదే అడిగాను. 'అందరికీ ఎత్తినాక ఆఖరుదానికి ఎవురెత్తుతారు సామీ?' అంది. ఆ ఆఖరుది తనే. కొండ దగ్గర పెద్ద రాతిగుండు ఉంది. మోపు దాని మీదికి నెట్టి, కింద తల పెట్టి లేస్తుంది." తిరుపాలయ్య మోచేతుల మీద లేచాడు. "మన చెట్టు కింద కూడా ఉండేదట. భుజమెత్తు బండ. ఎన్నో ఏళ్లుగా వాళ్లు మోపులు దాని మీదికి ఆనించి, ఊపిరి పీల్చుకుని, సీసాలో తెచ్చుకున్న నీళ్లు తాగి పోయేవాళ్లట. మనం కుండల కోసం దించేదాకా."

తిరుపాలయ్య లేచి కూర్చున్నాడు.

"మరి చెప్పలేదేం తల్లీ అన్నాను. 'పుణ్యానికి పెట్టినారు గదా సామీ. పుణ్యం చేసేటోళ్లకి అడ్డం చెప్పొచ్చునా?' అంది."

నా నెత్తిన ఏ మోపూ లేదు. అయినా తల ఎత్తలేకపోయాను. గేటు దగ్గర ఆమె పడిపోయిన చోటు కళ్లముందు ఆడింది. అక్కడ ఆమెను పడేసింది నా తెలివే కదా అనిపించింది.

తెల్లారగానే ఆరుగురమూ పోయాం. కుండలు నేల మీద ఇసుకలోకి దించాం. నిలువురాళ్లు పాతి, బండ మళ్లీ పైకెక్కించాం. దించడానికి పట్టినదానికి మూడింతలు పట్టింది ఎక్కించడానికి. నా గోరు ఒకటి నలిగింది. బాగా అయిందనుకున్నాను.

ఒంటిగంటకు ఆడవాళ్లు వచ్చారు. ముందువాళ్లు బండను చూసి ఆగిపోయారు. ఒకరి తర్వాత ఒకరు ఆనించి, తాగి, కదిలారు. చివరికి ఓబులమ్మ. మోపు బండ మీదికి జరిపి, కిందినుంచి తల తప్పించుకుంది. చుట్టకుదురు విప్పి ముఖం తుడుచుకుంది. దోసిలి పట్టింది. తిరుపాలయ్య పోస్తున్నాడు, ఆమె తాగుతోంది. ముంత అయిపోయింది. ఇంకో ముంత. మూడో ముంతలో సగం నెత్తిన పోసుకుంది.

"నీళ్లు శానా సల్లగుండాయి సామీ. ఇన్ని దినాలూ చూసి చూసి పోతాంటి" అంది. మోపు కింద తల పెట్టి లేచి వెళ్లిపోయింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

ఆ సాయంత్రం తిరుపాలయ్య చిన్నపిల్లాడిలా కొట్టంలోకి పరుగెత్తాడు. "తాగింది స్వామీ! మూడు ముంతలు!"

నాకూ ఉత్సాహం ఆగలేదు. "స్వామీ, ఈ బండ సంగతి కూడా రాయించి కొత్త ఫ్లెక్సీ కట్టిద్దామా?" అన్నాను. కుక్కతోక వంకర అంటే ఇదే.

గురువుగారు చిత్రిక ఆపి నావైపు చూశారు. "ఆ బండ మీద ఎవరి పేరుంది?"

"పాతేటప్పుడు అన్నివైపులా చూశాం స్వామీ. ఎవరి పేరూ లేదు" అన్నాడు తిరుపాలయ్య.

"అయితే మోపు మోసినవాడే పెట్టుంటాడు" అన్నారాయన.