తలకట్టు అంటుకున్న ప

కోనసీమలో ఓ కాలువ గట్టు మీద గవరయ్య అనే బోర్డుల పెయింటరు ఉండేవాడు. చేయి మంచిదే గానీ, అక్షరం ఎంత లావుగా ఉంటే అంత గొప్ప అనుకునేవాడు.

అతని అక్షరాలకి నడుము కాస్త నొక్కినట్టుండేది, చివరలు మాత్రం సన్నాయి మూతిలా విచ్చుకునేవి. చూస్తే రొమ్ము విరుచుకుని నిలబడ్డట్టే ఉండేవి. సినిమా హాలుకీ, నాటకానికీ, ఎన్నికల గోడకీ అలాంటివి భలే నప్పుతాయి. గవరయ్య అక్కడితో ఆగేవాడు కాదు. ఒకసారి పెద్దకర్మ బోర్డు కూడా అలాగే రాశాడు. కొత్త సినిమా అనుకుని ఎవరో టికెట్లు ఎక్కడిస్తారని అడిగారు.

ఆ ఏడు ఓ వ్యాపారి కాలువ పూడ్చి ఇళ్ల స్థలాలు వేస్తానని మట్టి లారీలు దింపాడు. కాలువ పోతే కింది పొలాలన్నీ ఎండిపోతాయి. కౌలు రైతు మంగాయమ్మ ఊరిని కూడగట్టింది. పెద్ద అధికారి చూడడానికి వస్తున్నాడని తెలిసి గవరయ్య దగ్గరికి వెళ్లింది.

“‘పంట కాలువ పూడ్చనివ్వం’ అని రాయి అన్నయ్యా. జీపులో కూర్చున్నోళ్లకి కూడా కనపడాలి,” అంది.

“జీపులోకేంటి చెల్లెమ్మా, అమలాపురానికి కనపడేట్టు రాస్తాను!” అన్నాడు గవరయ్య.

తెల్ల రేకు మీద ఎర్ర రంగుతో దట్టంగా రాశాడు. మంగాయమ్మ చూసి నొసలు ముడిచింది.

“ప తలకట్టు కిందకి అంటుకుపోయింది అన్నయ్యా. కాస్త సందు వదులు.”

“సందు వదిలితే అక్షరం బక్కచిక్కిపోద్ది. నా పని నాకొదిలెయ్,” అని కసిరి, ఇంకో పూత కూడా వేశాడు.

తలకట్టు అంటుకుంటే ప కాస్తా వ అవుతుంది. పలక పట్టిన పిల్లలకి కూడా తెలిసిన సంగతే. గవరయ్యకి తెలియక కాదు, ఎవరు చెప్పినా వినకపోవడమే అతని రోగం.

మర్నాడు జీపు వచ్చి బోర్డు ముందు ఆగింది. అధికారి తల బయటపెట్టి చదివాడు.

“వంట కాలువ... వూడ్చనివ్వం?”

పక్కనున్న వ్యాపారి పగలబడి నవ్వాడు. “చూశారా సార్! వంటింటి మురుగు కాలువట. చీపురు పెట్టనివ్వరట! దీనికా ఇంత గోల?”

అధికారికీ నవ్వొచ్చింది. పోనివ్వమని డ్రైవరుకి చెప్పాడు.

గవరయ్య ముఖం మాడిపోయింది. బోర్డు దింపెయ్యబోయాడు. మంగాయమ్మ అడ్డుపడింది.

“దింపావంటే ఊరుకోను! నిచ్చెనెక్కి దిద్దు,” అని, ఆడవాళ్లందరితో కలిసి జీపు ముందు కూర్చుంది.

“అయ్యా, ఇది పంట కాలువండి. మా తిండి ఇందులోంచే వస్తాదండి. అక్షరం దిద్దేదాకా ఆగి, చదివి వెళ్లండి. మీరు నవ్వారని మేం లేచిపోం!”

గవరయ్య నిచ్చెనెక్కాడు. తెల్ల రంగుతో తలకట్ల కింద సందులు తెరిచాడు. అక్షరాలేమీ బక్కచిక్కలేదు. సందు వచ్చేసరికి ఇంకా ధీమాగా కనిపించాయి.

“ఇప్పుడు చదవండి, అందరికీ వినపడేట్టు,” అంది మంగాయమ్మ.

“పంట కాలువ పూడ్చనివ్వం,” అని చదివాడు అధికారి. ఈసారి నవ్వలేదు. జీపు దిగి గట్టు వెంట నడిచాడు. కాలువ నీళ్లు చూశాడు, ఆ నీళ్లతో పచ్చగా ఉన్న పొలాలూ చూశాడు.

“లారీలు వెనక్కి తిప్పించు,” అన్నాడు వ్యాపారితో.

నీతి: ఎదిరించే మాట పెద్దగా ఉంటే చాలదు, ఎవరూ దాన్ని మరోలా చదవలేనంత స్పష్టంగా ఉండాలి.